విశ్వాస ఆధారిత ఆన్‌లైన్ డాక్టరేట్: గుణుపురంలో ఉండి కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చేవారికి అది ఎంతవరకు ఉపయోగం?

వంశధార గట్టు (గుణుపురం):

అందరికీ వందనాలు. రాయగడ జిల్లా గుణుపురంలో ఉంటూ పదకొండేళ్లుగా కౌన్సెలింగ్ పని చేస్తున్నాను. ఎం.ఏ. సైకాలజీ చదివి, ఆ తరువాత కౌన్సెలింగ్‌లో పీజీ డిప్లొమా చేశాను. మా ఇంట్లో తెలుగు, బజారులోనూ ఆఫీసుల్లోనూ ఒడియా, కొండ మీది ఊళ్లకు వెళితే సవర. నా దగ్గరికి వచ్చేవారు ఏ భాషలో మాట మొదలుపెట్టి ఏ భాషలో ఏడుస్తారో ముందుగా చెప్పలేను.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడినప్పుడు మా సంఘం తరఫున కొన్ని ఊళ్లకు వెళ్లాను. ఇది ఒక్కరితో అయ్యే పని కాదని అప్పుడే అర్థమైంది. ఆ తరువాత టీచర్లు, హాస్టల్ మేట్రన్లు, పాస్టరమ్మలు కలిపి పద్నాలుగు మందికి, కష్టంలో ఉన్న మనిషి మాట ఎలా వినాలో నాకు తెలిసినంత నేర్పాను. వారు ఇప్పటికీ ఊళ్లలో పని చేస్తున్నారు. అయితే వారి పనిని సరిదిద్దడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు. ఆనవాళ్లు మార్చి ఒక సంగతి చెబుతాను. భర్త పోయిన ఒక స్త్రీతో వారిలో ఒక సేవకురాలు, ఇది దేవుని చిత్తమనీ, విశ్వాసులు నిరీక్షణ లేనివారిలా ఏడవకూడదనీ చెప్పింది. ఆ స్త్రీ మళ్లీ రాలేదు. చెప్పిన మనిషి మంచిదే, చెప్పిన ఉద్దేశమూ మంచిదే. నేను ఆమెను మందలించాలా, పాఠం చెప్పాలా, లేక ఆమె మాటే కూర్చుని వినాలా అన్నది నాకు తేలలేదు. చివరికి ఏమీ చేయకుండా ఊరుకున్నాను.

ఆ వెలితి తీర్చుకోవడానికి వెతుకుతుంటే, అమెరికాలోని కొన్ని క్రైస్తవ విశ్వవిద్యాలయాలు కౌన్సెలర్లకు బోధించేవారి కోసం, వారిని పర్యవేక్షించేవారి కోసం ప్రత్యేకంగా పీహెచ్‌డీ నడుపుతున్నాయనీ, అందులో చాలా భాగం ఆన్‌లైన్‌లోనే జరుగుతుందనీ తెలిసింది. నా వయసు నలభై రెండు. పిల్లల చదువులు, అత్తగారి ఆరోగ్యం చూసుకోవాలి కనుక ఊరు వదిలి వెళ్లలేను. కాబట్టి మూడు సంగతులు తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను. ఆ డాక్టరేటుకు మన దేశంలో విలువ ఉంటుందా? సవరలోనూ ఒడియాలోనూ సాగే నా సంభాషణలను అక్కడి గురువులు ఎలా పరీక్షిస్తారు? విశ్వాస ఆధారితం అన్న చోట విశ్వాసం ఎక్కువై కౌన్సెలింగ్ తక్కువవుతుందా? మూడవది అడగడానికి కొంచెం సంకోచంగానే ఉంది, కాని అడగకుండా డబ్బు కట్టడం అంతకంటే తప్పనిపిస్తోంది.

మూడో సంవత్సరం (బరంపురం):

మేడమ్, మీరు చెబుతున్న కోవకు చెందిన చదువులోనే నేను మూడో ఏడాదిలో ఉన్నాను. సంస్థ పేరు చెప్పను. మెచ్చుకున్నా ప్రకటన అవుతుంది, తిట్టినా గొడవ అవుతుంది. ఈ రంగంలో బాగా వినిపించే పేర్లు వర్జీనియా రాష్ట్రంలోని రీజెంట్, లిబర్టీ విశ్వవిద్యాలయాలు. పేరు ఏదైనా ముందుగా చూడవలసింది ఆ కార్యక్రమానికి కేక్రెప్ గుర్తింపు ఉన్నదా లేదా అన్నది. కౌన్సెలింగ్ చదువులకు ప్రమాణాలు నిర్ణయించడానికి 1981లో అమెరికాలో ఏర్పడిన సంస్థ అది. విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉండటం వేరు, ఆ ఒక్క కార్యక్రమానికి ఉండటం వేరు.

చదువు స్వరూపం ఇలా ఉంటుంది. కౌన్సెలింగ్, పర్యవేక్షణ, బోధన, పరిశోధన, నాయకత్వం అనే ఐదు ప్రధాన అంశాలు ఉంటాయి. మాస్టర్స్ మీద కనీసం 48 సెమిస్టర్ క్రెడిట్లు చదవాలి. 100 గంటల ప్రాక్టికమ్ (గురువు పర్యవేక్షణలో చేసే తొలి సాధన) ఉంటుంది, అందులో 40 గంటలు నేరుగా మనుషులతో కూర్చున్నవై ఉండాలి. ఆ తరువాత 600 గంటల ఇంటర్న్‌షిప్, చివరన థీసిస్. విశ్వాస ఆధారిత సంస్థల్లో వీటికి తోడు బైబిలు దృక్పథాన్నీ మనస్తత్వ శాస్త్రాన్నీ ఎలా కలపాలన్న కోర్సులు ఒకటి రెండు ఉంటాయి. అవి వీటికి అదనమే కాని వీటికి బదులు కావు. మీ మూడో ప్రశ్నకు నా జవాబు అదే: కేక్రెప్ ఉన్నచోట విశ్వాసం పేరు చెప్పి గంటలు తగ్గించడం కుదరదు.

ఇక ప్రకటనల్లో చిన్న అక్షరాల్లో ఉండేవి చెబుతాను. మన ఎం.ఏ. సైకాలజీని వారు నేరుగా కౌన్సెలింగ్ మాస్టర్స్‌గా ఒప్పుకోకపోవచ్చు. అక్కడి మాస్టర్స్ 60 క్రెడిట్లది, ప్రాక్టికమ్, ఇంటర్న్‌షిప్ కలిసి ఉన్నది. మీ మార్కుల జాబితాలో ఏది లోటుగా కనిపిస్తే అది ముందు పూరించమంటారు. రెండవది, ఆన్‌లైన్ అన్నా ఏడాదికి కొన్ని రోజులు క్యాంపస్‌కు రమ్మనే కార్యక్రమాలే ఎక్కువ. టూరిస్టు వీసా మీద వెళ్లి డిగ్రీకి లెక్కకు వచ్చే కోర్సులో కూర్చోవడానికి అమెరికా చట్టం ఒప్పుకోదు. విద్యార్థి వీసాకేమో పూర్తికాల చదువు కావాలి. ఆ కొద్ది రోజుల రెసిడెన్సీకి భారతదేశం నుంచి వచ్చే విద్యార్థి ఏ వీసా మీద రావాలో అడ్మిషన్ల వారిని లిఖితపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే ఫీజు సంగతి మాట్లాడండి. మూడవది నిద్ర. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం 6 గంటలకు తరగతి మొదలైతే మనకు చలికాలంలో తెల్లవారుజామున నాలుగున్నర, వేసవిలో మూడున్నర. మొదటి ఏడాది నేను వేడుకగా లేచాను, ఇప్పుడు లేవడమే ఒక తపస్సుగా ఉంది.

భాష సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సూపర్‌విజన్‌లో, అంటే పర్యవేక్షణలో, ప్రాణం లాంటిది రికార్డింగు. మీరు ఒకరితో మాట్లాడిన గంటను మీ గురువు వింటూ, ఆపుతూ, అక్కడ ఎందుకు మాట మార్చారని అడుగుతారు. నేను తెలుగులో, ఒడియాలో జరిగిన సంభాషణలను అక్షరం అక్షరం రాసి ఇంగ్లీషులోకి మార్చి పంపేవాడిని. ఒక గంట సంభాషణకు రెండు రోజులు పట్టేది. అంత చేసినా ముఖ్యమైనది జారిపోయేది. మా ప్రాంతపు ఆడవారు "మనసు బాగోలేదు" అనరు, "ఒళ్లు బరువుగా ఉంది, గుండెల్లో దడ" అంటారు. దాన్ని మార్చి పంపితే మా గురువు డాక్టరు దగ్గరికి పంపించారా అని అడిగారు. తప్పు ఆయనది కాదు. చివరికి, స్థానికంగా అర్హత గల ఒక తెలుగు సూపర్‌వైజరును నా ఖర్చుతో ఏర్పాటు చేసుకోవడానికి సంస్థ ఒప్పుకుంది. మీకు సవర కూడా ఉంది కనుక చేరకముందే ఈ ఏర్పాటు మాట్లాడుకోవాలి.

ఇంత చెప్పాక, నాకు నిజంగా పనికొచ్చినదేమిటో కూడా చెప్పాలి. మీ సేవకురాలి సంగతి చదవగానే 1979లో జానీన్ బెర్నార్డ్ ప్రతిపాదించిన పద్ధతి గుర్తుకు వచ్చింది. పర్యవేక్షించేవారు సందర్భాన్ని బట్టి ఉపాధ్యాయుడిగానో, కౌన్సెలరుగానో, సలహాదారుగానో కూర్చుంటారు. ఏ పీట మీద కూర్చోవాలో తేల్చుకోవడానికి, ఎదుటివారి లోపం మూడింటిలో ఎక్కడుందో ముందు చూస్తారు. ఏడ్చే మనిషి ముందు మౌనంగా కూర్చునే నైపుణ్యం ఆమెకు లేదా? లేక దుఃఖం ఎలా సాగుతుందో అర్థం కాక, ఏడుపు ఆగితే బాగుపడినట్టేనని అనుకుంటోందా? లేక ఆ ఏడుపు ఆమెలోనే తట్టుకోలేనిది దేన్నో కదిపిందా? మొదటిదైతే చేసి చూపించాలి, రెండవదైతే వివరించాలి, మూడవదైతే వినాలి. మీరు మందలించాలా, పాఠం చెప్పాలా, వినాలా అని తేల్చుకోలేకపోయానన్నారు కదా, మీకు తెలియకుండానే సరైన ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగారు. వినేటప్పుడు కూడా ఒక హద్దు ఉంది. ఆమె పనికి అడ్డువస్తున్నంత మేరకే ఆమె బాధను ముట్టుకోవాలి. పర్యవేక్షించేవారే తమ శిష్యులకు కౌన్సెలరు కాకూడదని అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ నియమావళి కూడా చెబుతుంది. లోతుగా వెళ్లవలసి వస్తే ఇంకొకరి దగ్గరికి పంపాలి.

పాత గైడు (విశాఖపట్నం):

అమ్మా, నేను విశ్వవిద్యాలయంలో చాలాకాలం పీహెచ్‌డీ విద్యార్థులకు గైడుగా ఉండి రిటైరైనవాడిని. మీ మొదటి ప్రశ్నకే పరిమితమవుతాను.

2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం మన దేశంలో ఏ విశ్వవిద్యాలయమూ దూరవిద్యలో గాని ఆన్‌లైన్‌లో గాని పీహెచ్‌డీ నడపకూడదు. అదే ఏడాది అక్టోబరులో యూజీసీ, ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) కలిసి, విదేశీ సంస్థలతో చేతులు కలిపి ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ చదువుల) కంపెనీలు ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీ ప్రకటనలకు మోసపోవద్దని బహిరంగ ప్రకటన ఇచ్చాయి. విదేశీ పీహెచ్‌డీతో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు సంబంధించి 2018 నిబంధనల్లో ఒక దారి ఉన్న మాట నిజమే కాని, అది ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500 స్థానాల్లో ఉన్న విశ్వవిద్యాలయాలకు వర్తించేది. విశ్వాస ఆధారిత సంస్థల్లో చాలావాటికి ఆ ద్వారం తెరుచుకోదు. అందువల్ల మీ ఉద్దేశం కాలేజీ ఉద్యోగమైతే ఈ దారి వద్దని నిర్మొహమాటంగా చెబుతున్నాను. ఉద్యోగం కాదు, విద్య కావాలంటే అది వేరే లెక్క. అటువంటి చదువు చదవడం నేరమేమీ కాదు, పేరుకు ముందు డాక్టర్ అని రాసుకుని ఏ పదవికి దరఖాస్తు చేస్తారన్న దగ్గరే చిక్కు వస్తుంది.

అర్హత వేరు, వృత్తి చేసే హక్కు వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ (పునరావాస వృత్తులవారిని నమోదు చేసే కేంద్ర సంస్థ) నమోదు కావాలి, దానికి అమెరికా కౌన్సెలింగ్ డాక్టరేటు సరిపోదు. కౌన్సెలర్లను 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ప్రవర్తనా ఆరోగ్య విభాగంలో చేర్చింది.

మీరు అడగని దారి ఒకటి చెబుతాను. అవే 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి అనుమతిస్తున్నాయి. మీరు పనిచేసే చోటి నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. మాస్టర్స్‌లో 55 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్క్ చేయాలి. గడువు మూడేళ్ల నుంచి ఆరేళ్లు, స్త్రీలకు మరో రెండేళ్ల వెసులుబాటు ఉంటుంది. కౌన్సెలర్ల బోధన, పర్యవేక్షణ అన్న పేరుతో ప్రత్యేక శాఖ మన వైపు సాధారణంగా కనిపించదు కాని, సైకాలజీలోనో సోషల్ వర్క్‌లోనో చేరి, గిరిజన ప్రాంతాల్లో స్వచ్ఛంద కౌన్సెలర్ల పర్యవేక్షణను అంశంగా తీసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ భువనేశ్వర్ ఉత్కళ్‌లోనూ సైకాలజీ శాఖలు ఉన్నాయి. అయితే ఒక్కో అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి, అసోసియేట్ ఆరుగురికి, ప్రొఫెసరు ఎనిమిదిమందికి మించి తీసుకోకూడదు కనుక సీటు కంటే ముందు ఖాళీ ఉన్న గైడును వెతుక్కోవాలి. మా కాలంలోనూ అంతే, సీటు దొరికేది, గైడు దొరికేవాడు కాదు. మీ పద్నాలుగు మందితో ఏడేళ్లుగా మీరు చేసినదంతా తేదీలతో రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో డిగ్రీ కంటే అదే మాట్లాడుతుంది.

సంఘకాపరి (పర్లాకిమిడి):

వందనాలు సహోదరి గారూ. పైన ఇద్దరూ చెప్పినవి కాక మూడో దారి ఒకటి మన ఇంట్లోనే ఉంది. శ్రీరాంపూర్ సెనేటుకు (క్రైస్తవ వేదాంత డిగ్రీలు ఇచ్చే సంస్థ) అనుబంధమైన వేదాంత కళాశాలల్లో బి.డి. (వేదాంతంలో డిగ్రీ) తరువాత ఎం.టీహెచ్. (వేదాంతంలో మాస్టర్స్) స్థాయిలో కాపరి పరిచర్య, కౌన్సెలింగ్ ప్రత్యేక అంశంగా ఉంది. శ్రీరాంపూర్ కళాశాలకు డిగ్రీలు ఇచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన సన్నదుతో వచ్చింది. మీకు బి.డి. లేదు కనుక ఆ డిగ్రీ కోసం వెనక్కి వెళ్లమని చెప్పను. ఆ పరంపరలో ఉన్న ఒక శిక్షణ పద్ధతిని మాత్రం తెలుసుకోమంటాను.

1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ మానసిక ఆసుపత్రిలో ఆంటన్ బోయిసెన్ అనే పాదిరి వేదాంత విద్యార్థులను పుస్తకాల దగ్గరి నుంచి లేపి రోగుల మంచాల దగ్గర కూర్చోబెట్టాడు. ఆయన స్వయంగా కొంతకాలం మానసిక ఆసుపత్రిలో రోగిగా ఉన్నవాడు. గ్రంథాలను చదివినంత శ్రద్ధగా మనుషులను చదవాలని ఆయన వాదం. దానినుంచే క్లినికల్ పాస్టరల్ ఎడ్యుకేషన్ పుట్టింది. అందులో వర్బేటిమ్ అనే అభ్యాసం ఉంటుంది. రికార్డింగు ఉండదు. రోగి దగ్గరి నుంచి వచ్చిన వెంటనే, ఆయన ఏమన్నారు, నేను ఏమన్నాను, అప్పుడు నాలో ఏం కదిలింది అన్నది నాటకం రాసినట్టు జ్ఞాపకం నుంచి రాయాలి. తరువాత ఐదారుగురు గుంపుగా కూర్చుని, పేర్లు తీసేసిన ఆ కాగితాన్ని చదువుతారు. ఫోను ముందు పెడితే మన కొండ ఊళ్లలో మనిషి నోరు విప్పడు కనుక, మీ పనికి రికార్డింగు కంటే ఇది బాగా కుదురుతుందని నా అభిప్రాయం. మరచిపోయిన మాటలే ఒక్కోసారి అసలు సంగతి చెబుతాయి. నేను వేలూరులో ఈ శిక్షణ పొందిన రోజుల్లో, ఒక తండ్రి కోపంగా అన్న వాక్యం నా కాగితంలో మూడుసార్లు జారిపోయింది. గుంపులో ఒకరు అడిగేదాకా నాకు తెలియలేదు.

ఆ సేవకురాలు చెప్పిన మాట మా బోటివారు ప్రసంగ వేదిక మీద నుంచి చెప్పినదే, ఆమె తిరిగి అప్పజెప్పింది. విశ్వాస ఆధారిత శిక్షణ అంటే వాక్యాలు మరిన్ని కంఠస్థం చేయించడం కాదు. యోబు స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద అతనితో కూర్చుని ఒక్క మాటా పలకలేదని రాసి ఉంది. వాళ్లు నోరు తెరిచాకే పని చెడింది. మీ పద్నాలుగు మందికీ ఆ భాగాన్ని ఒక కేసుగా ఇచ్చి, ఏ మాట దగ్గర స్నేహితులు వినడం మానేశారో గుర్తించమనండి. కీర్తనల్లో మొర పెట్టుకునేవి, దేవునితో తగవు పడేవి ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టమనండి. ఏడవకూడదన్న మాట అక్కడే కూలిపోతుంది.

ఒక చిన్న పక్కమాట. సవర నేర్చుకోవడానికి గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లోనే సవరలను ఇంటికి పిలిపించుకుని కూర్చున్నారు. అమెరికా గురువుకు మీ సవర ఎలా అర్థమవుతుందని అడుగుతున్నారు, మన సంఘాల్లో కౌన్సెలింగ్ చేసే తెలుగువారిలో ఎందరికి వస్తుందో అదీ అడగవలసిందే.

నాగావళి (రాయగడ):

నేను హిందువును, ప్రభుత్వేతర సంస్థలో కౌన్సెలర్లను పర్యవేక్షిస్తుంటాను. క్రైస్తవ సంస్థ చదువు గురించి నేను మాట్లాడవచ్చునో లేదో అనుకుంటూనే రాస్తున్నాను. మూడో ప్రశ్నకు బరంపురం వారు ఇచ్చిన జవాబు నాకు పూర్తిగా తృప్తినివ్వలేదు. గంటలు తగ్గకపోవచ్చు, కాని ఆ గంటల్లో ఏం నేర్పుతారన్నది కదా అసలు విషయం.

అమెరికాలోనే ఈ తగవు కోర్టు దాకా వెళ్లింది. మిషిగన్ రాష్ట్రంలో కౌన్సెలింగ్ చదువుతున్న ఒక విద్యార్థిని, స్వలింగ సంబంధంలో ఉన్న వ్యక్తికి తన విశ్వాసం కారణంగా కౌన్సెలింగ్ ఇవ్వలేనని, మరొకరి దగ్గరికి పంపమని కోరింది. విశ్వవిద్యాలయం ఆమెను 2009లో తొలగించింది. 2012లో అప్పీలు కోర్టు ఆమె వాదనను విచారణకు పంపగా చివరికి రాజీ కుదిరింది. 2014లో వచ్చిన అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ నియమావళి, కేవలం తన వ్యక్తిగత విలువల కారణంగా కౌన్సెలరు ఎవరినీ వేరొకరికి పంపకూడదని స్పష్టంగా రాసింది. కాబట్టి మీరు చేరే సంస్థ విశ్వాస ప్రకటన మీద సంతకం చేయమంటుందా, ఈ నియమాన్ని తరగతిలో ఎలా బోధిస్తుంది, విద్యార్థి గురువుతో విభేదిస్తే ఏమవుతుంది అన్నవి ముందే అడగండి. జవాబు సూటిగా చెప్పేవారు నమ్మదగినవారు.

మన నేల సంగతి ఇంకొకటి. ఒడిశాలో మత స్వాతంత్ర్య చట్టం 1967 నుంచి ఉంది. బలవంతంతో, ప్రలోభంతో, మోసంతో మతం మార్చడం దాని కింద నేరం. 1977లో సుప్రీంకోర్టు కూడా దానిని సమర్థించింది. దుఃఖంలో ఉన్న మనిషి దగ్గరికి ఆసరాగా వెళ్లినవారు అడగకుండా ప్రార్థన చేసినా, అది ఎవరి కంట ఎలా పడుతుందో చెప్పలేము. చట్టం మాట పక్కన పెట్టినా, ఆసరా కోసం చేయి చాచిన మనిషి వద్దనలేడు, అసలు ఇబ్బంది అక్కడ ఉంది. నేను మా వాళ్లకు ఒకే నియమం పెట్టాను. వచ్చినవారు తమ దేవుడి మాట తామే ఎత్తితే ఆ మాట వెంట వెళ్లాలి, మనం మొదలుపెట్టకూడదు. ఇది గీత చదివే నా కౌన్సెలర్లకూ వర్తిస్తుంది. కర్మఫలమని చెప్పి ఒక తల్లిని ఇంటికి పంపించిన మనిషి నా జట్టులోనే ఉండేది, మీ సేవకురాలి మాటకు అది చుట్టమే.

కొండ ఊళ్లలో పూజ, వైద్యం చేసే దిసారి దగ్గరికో ఎజ్జోడి దగ్గరికో వెళ్లి వచ్చినవారిని ఎగతాళి చేయకుండా, ఆయన ఏమన్నాడు, చేయించాక ఎలా ఉందని అడగడం కూడా పర్యవేక్షణలో నేర్పవలసిన విషయమే. సమాజంలో చెల్లుబాటయ్యే నైతిక విలువలకో మత విశ్వాసాలకో ఒదగలేదన్న కారణంతో ఎవరికీ మానసిక వ్యాధి ఉందని తేల్చకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ చెబుతుంది. గుడికైనా చర్చికైనా ఈ వాక్యం గోడ మీద రాసి పెట్టుకోదగినది.

వంశధార గట్టు (గుణుపురం):

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నాగావళి గారూ, మీరు సంకోచించకుండా రాసినందుకు ప్రత్యేకంగా. మా వాళ్లు ప్రతి సంభాషణా ప్రార్థనతో ముగించాలని నేనే నేర్పాను. ఎదుటివారు సవర దేవతలను కొలిచేవారైనా సరే వద్దనరు కదా అనుకున్నాను. వద్దనలేరన్న మాట తట్టలేదు.

ఒక సందేహం మిగిలింది. నా పద్నాలుగు మందిలో తొమ్మిదిమంది మా సంఘపు సభ్యులే. ఆదివారం పక్కపక్కన కూర్చుని పాడతాము, సోమవారం వారి పని తప్పొప్పులు నేను చూడాలి. వారిలో ఒకరు మా పాస్టరు గారి భార్య. చిన్న ఊరిలో దీనిని తప్పించుకోవడం ఎలా?

మూడో సంవత్సరం (బరంపురం):

తప్పించుకోలేరు. అమెరికాలో చిన్న ఊళ్ల సూపర్‌వైజర్ల గురించి రాసేవారూ అదే అంటారు. తప్పించుకోలేనిదాన్ని కాగితం మీద పెట్టాలి. పర్యవేక్షణ మొదలుపెట్టే ముందు ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. వారానికి ఎంతసేపు కూర్చుంటాము, ఏ సంగతులు మన ఇద్దరి మధ్యే ఉంటాయి, ప్రాణహాని లాంటివి ఎప్పుడు బయటికి చెప్పవలసి వస్తుంది, మీ పని గురించి సంఘ పెద్దలు అడిగితే నేను ఏం చెబుతాను, నా మీద ఫిర్యాదు ఉంటే మీరు ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఇవన్నీ అందులో ఉండాలి. చివరిదే అందరూ మరిచిపోతారు. ఫిర్యాదు వినే మనిషి మీ సంఘానికి బయటివారై ఉండాలి. ఒక మనిషి ఈ పనికి తగరని తేలితే ఆపమని చెప్పే అధికారం మీకుందని కూడా ముందే రాయాలి. మా చదువులో దానిని గేట్‌కీపింగ్ అంటారు. పాస్టరు గారి భార్యకు ఆ మాట చెప్పగలనా అని ఇప్పుడే ఆలోచించుకోండి. చెప్పలేనని తోస్తే ఆమెను నాగావళి గారి లాంటివారి పర్యవేక్షణకు ఇవ్వండి.

నాగావళి (రాయగడ):

నేను సిద్ధమే, పాస్టరు గారికి నేను సమ్మతమైతే.

వంశధార గట్టు (గుణుపురం):

నెల తరువాత రాస్తున్నాను. అమెరికా దరఖాస్తు ఈ ఏడాది పెట్టడం లేదు. రెసిడెన్సీకి ఏ వీసా మీద రావాలని అడిగితే రెండు సంస్థల నుంచి సూటి జవాబు రాలేదు, ఒక సంస్థ మాత్రం భారతదేశం నుంచి రెసిడెన్సీకి రావడం కుదరకపోవచ్చునని మర్యాదగా చెప్పింది. పాత గైడు గారు చెప్పినట్టు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి గైడును వెతుకుతున్నాను. ఇద్దరికి రాశాను, ఒకరు ఖాళీ లేదన్నారు, మరొకరు నా పని వివరాలు పంపమన్నారు. ఏడేళ్ల డైరీలు ముందేసుకుని తేదీలు వెతుకుతున్నాను, సగం చోట్ల తేదీలే లేవు.

సంఘకాపరి గారు చెప్పిన వర్బేటిమ్ గుంపు గురువారాల్లో మొదలైంది. ఐదుగురితో మొదలుపెట్టాము. ప్రార్థన ఎదుటివారు అడిగితేనే అన్న నియమానికి ఇద్దరు ఒప్పుకోలేదు, ఆ చర్చ ఇంకా నడుస్తోంది. పాస్టరు గారి భార్య వచ్చే నెల నుంచి రాయగడ వెళ్లడానికి ఒప్పుకున్నారు.

ఏడవకూడదని చెప్పిన మా సేవకురాలిని, బరంపురం వారి మూడు ప్రశ్నలు మనసులో పెట్టుకుని, ఆ రోజు ఆ స్త్రీ ఏడుస్తుంటే నీకేమనిపించిందని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత ఆమె చెప్పినది ఇక్కడ రాయకూడనిది, కాని కారణం మూడో ప్రశ్నలోనే ఉందని మాత్రం చెప్పగలను. ఆమెకు నేను కౌన్సెలరును కాకూడదు కనుక పర్లాకిమిడిలో ఒకరి దగ్గరికి పంపాను. పని ఆపమని నేను అనలేదు, కొన్నాళ్లు ఆగుతానని ఆమే అంది.

ఒప్పందం పేజీ తెలుగులోనూ ఒడియాలోనూ రాశాను. సవరలో ఎవరైనా సరిచూడగలిగితే ఇక్కడ తెలియజేయండి, పంపుతాను.